ఇటలీ చర్మపత్రాల్లో దైవగానం: మిగిలింది ఏమిటి, మిగిల్చింది ఎవరు

క్రీ.శ. 1071లో రోమ్ నగరంలో, టైబర్ నదికి అవతలి ఒడ్డున త్రాస్తేవెరె పేటలోని సాంతా చెచీలియా చర్చి కోసం ఒక పాటల పుస్తకం రాయడం పూర్తయింది. ఏడాది పొడవునా పూజల్లో గాయకులు పాడవలసిన లాటిన్ పాటలు అందులో ఉన్నాయి. మాటల మీద స్వరాల గుర్తులూ ఉన్నాయి. రోమ్ తన సొంత బాణీలను స్వరాలతో సహా రాసుకున్న పుస్తకాల్లో మనకు దక్కిన అతి పాతది ఇదే. ఇప్పుడు స్విట్జర్లాండులో, జెనీవా పక్కన కొలొనీలో ఉన్న బోడ్మర్ ఫౌండేషన్ గ్రంథాలయంలో 74వ నంబరు గ్రంథంగా ఉంది.

చిక్కంతా ఆ తేదీలోనే ఉంది. అప్పటికి నూటయాభై ఏళ్ల కిందటే ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన, ఫ్రాంకుల రాజ్యంలో, లాన్, సెయింట్ గాలెన్ వంటి చోట్ల స్వరాల గుర్తులతో పాటల పుస్తకాలు తయారయ్యాయి. తాము పాడేది రోమ్ పాటేనని ఆ ఉత్తరాదివాళ్లు ప్రమాణపూర్వకంగా చెప్పుకున్నారు. మాటలు చూస్తే అవే. ఏ పండుగకు ఏ పాట అన్న వరసా చాలావరకు అదే. బాణీ మాత్రం వేరు. రోమ్ పుస్తకాల్లోని పాట మెట్టు మెట్టుగా ఎక్కుతూ దిగుతూ, దగ్గరి స్వరాల చుట్టూ తిరుగుతూ, ఒకే పలుకుబళ్లను మళ్లీ మళ్లీ వాడుకుంటూ సాగుతుంది. ఉత్తరాది పాటలో గెంతులు ఎక్కువ, ఒక్కో పాటకూ తనదైన రూపం ఎక్కువ. ప్రపంచం ఇవాళ గ్రెగరీ గానం అని పిలుస్తున్నది ఈ రెండో దాన్ని. మరి అసలు రోమ్ పాట ఏది?

సంగీత చరిత్రకారులు ఈ ప్రశ్న మీద నూరేళ్లకు పైగా కలహించుకుంటున్నారు. ఆ కలహం సంగతి చెబుతాను. అయితే ఇటలీ రాతప్రతులన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు అంతకన్నా ముఖ్యంగా తోచే ప్రశ్న మరొకటి ఉంది. ఏ ఊరు తన పాటను ఎప్పుడు రాసుకుంది, ఏ అవసరం వచ్చి రాసుకుంది? పాట నిండుగా నోళ్లలో ఆడుతున్నప్పుడు రాసినవాళ్లు తక్కువ. పక్కనుంచి మరో పాట వచ్చి తోసేస్తున్నప్పుడు రాసినవాళ్లే ఎక్కువ. మనం వైభవానికి గుర్తులుగా చూసే పుస్తకాల్లో చాలా భాగం ఆపద వేళ రాసినవి.

ముందు రోమ్ కథ. 754లో రెండవ స్టీఫెన్ పోప్ సైనిక సహాయం అడగడానికి ఫ్రాంకుల రాజు పిప్పిన్ దగ్గరకు వెళ్లాడు. వెంట రోమ్ ప్రార్థనా పద్ధతీ వెళ్లింది. పిప్పిన్, అతని కొడుకు షార్లమేన్ తమ రాజ్యమంతటా రోమ్ పాటే పాడాలని పట్టుబట్టారు. 789లో షార్లమేన్ జారీ చేసిన శాసనంలోనూ ఆ మాట ఉంది. కానీ అప్పటికి రాత స్వరాలు లేవు. పాట నోటి నుంచి నోటికి వెళ్లవలసిందే. అలా వెళ్లేటప్పుడు ఏం జరిగిందో ఇద్దరు పెద్దమనుషులు రెండు రకాలుగా చెప్పారు. 870లలో రోమ్‌లో గ్రెగరీ పోప్ జీవితం రాసిన జాన్ ది డీకన్, ఆల్ప్స్ అవతలి తాగుబోతు గొంతులకు మా పాటలోని మాధుర్యం పట్టుబడలేదని ఈసడించాడు. కొద్ది ఏళ్ల తరవాత సెయింట్ గాలెన్ మఠంలోని నోట్కర్ దానికి సరిగ్గా ఎదురు కథ చెప్పాడు. రోమ్ నుంచి వచ్చిన పన్నెండు మంది గాయకులు అసూయతో ముందే కూడబలుక్కుని, ఒక్కో ఊళ్లో ఒక్కో రకంగా తప్పు నేర్పారట. ఇద్దరి మాటా పుక్కిటి పురాణమే. కానీ రెండు కథల్లోనూ ఒక విషయం ఒప్పుకోలుగా ఉంది. తొమ్మిదో శతాబ్దం నాటికే రెండు చోట్లా పాట ఒకటిగా లేదు.

రోమ్ పాత బాణీలున్న ముఖ్యమైన పుస్తకాలు అయిదే మిగిలాయి. పూజా గీతాల పుస్తకాలు మూడు: సాంతా చెచీలియాది, వాటికన్‌లోని లాటిన్ 5319, సాన్ పియెత్రో చర్చి సేకరణలోని ఎఫ్ 22. రోజువారీ ప్రార్థన వేళల పాటల పుస్తకాలు రెండు: అదే సేకరణలోని బి 79, లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఒకటి. పదకొండో శతాబ్దం చివరిభాగం నుంచి పదమూడో శతాబ్దం దాకా వీటి కాలం. 1891లో ఫ్రాన్స్ సొలేమ్ మఠానికి చెందిన మొకెరో వీటిని చూసి, గ్రెగరీ గానం చెడిపోగా మిగిలిన రూపం అని పక్కన పెట్టేశాడు. 1912లో అందొయె అదే మఠ సంప్రదాయం నుంచి వచ్చి, కాదు, గ్రెగరీ గానానికి ముందరి రూపం ఇదే అన్నాడు. 1950లో జర్మన్ పండితుడు బ్రూనో ష్టేబ్లైన్ రెండూ రోమ్‌వే అని, ఏడో శతాబ్దంలో పోప్ ఆస్థానంలో జరిగిన సంస్కరణ వల్ల రెండోది పుట్టిందని వాదించాడు. నాలుగేళ్లకు హెల్ముట్ హుకె దాన్ని తిరగేశాడు. రోమ్ పాటను ఫ్రాంకులు నేర్చుకునే క్రమంలో మారిన రూపమే గ్రెగరీ గానం అన్నాడు. ఈ చర్చకు గ్రెగరీ గానంలో మూల సమస్య అన్న పేరు పెట్టినవాడు విల్లీ ఆపెల్.

తరవాతి తరం ప్రశ్ననే మార్చింది. 1974లో లియో ట్రైట్లర్ హోమర్ కావ్యాల మీద జరిగిన మౌఖిక సాహిత్య పరిశోధనను తీసుకొచ్చి, గాయకులు బాణీని కంఠతా పెట్టి అప్పజెప్పలేదని, తెలిసిన పద్ధతుల మీద ప్రతిసారీ కొత్తగా కట్టుకున్నారని అన్నాడు. కెన్నెత్ లెవీ ఒప్పుకోలేదు. షార్లమేన్ కాలానికే, అంటే 800 ప్రాంతానికే, స్వరాల గుర్తులతో ఒక మాతృక ఉండి తీరాలని 1987లో వాదించాడు. ఆ మాతృక ఎవరికీ దొరకలేదు. 2000లో జేమ్స్ మకినన్ మొత్తం ఏడాది పాటల వరసను ఏడో శతాబ్దం చివర రోమ్ గాయక బృందమే ప్రణాళిక వేసుకుని కూర్చిందని పెద్ద పుస్తకం రాశాడు. రెండేళ్లకు ఆండ్రియాస్ ఫిస్టరర్, ఎనిమిదో శతాబ్దపు రోమ్ పాటను ఎక్కువ నమ్మకంగా కాపాడింది ఉత్తరాది పుస్తకాలేనని, రోమ్‌లోనే పాట తరవాత మారిపోయిందని చూపబోయాడు.

వీటిలో ఏ ఒక్కటీ పూర్తిగా గెలవలేదు, గెలవదు కూడా. నా తీర్పు అడిగితే, హుకె చెప్పినదానికి ఫిస్టరర్ హెచ్చరికను జోడించి చదవాలి. పాటల మాటలు, వరస, కట్టడం రోమ్ నుంచి వెళ్లాయి. ఇందులో సందేహానికి చోటు లేదు. 1935లో ఎస్బెర్ అచ్చువేసిన ఆరు పాత పుస్తకాలే ఇందుకు సాక్ష్యం. స్వరాలు లేకుండా మాటలు మాత్రమే ఉన్న ఆ ఆరింటిలో ఇటలీలోని మోంజాలో ఉన్న ఊదారంగు చర్మపత్రాల పుస్తకమూ ఒకటి. కానీ బాణీల విషయంలో రెండు పక్షాలూ దూరం నడిచాయి. 754 నుంచి 1071 దాకా మూడు వందల ఏళ్లకు పైగా రాత లేకుండా నోళ్లలో నలిగిన పాట మారలేదనుకోవడం సంగీతం తెలిసినవాళ్లు అనుకోదగినది కాదు. బోడ్మర్ 74 మనకు చెప్పేది 1071 నాటి రోమ్ ఎలా పాడిందన్నది. గ్రెగరీ పోప్ కాలంలో, అంటే 590 నుంచి 604 మధ్య, ఎలా పాడారన్నది అది చెప్పదు, మరే పుస్తకమూ చెప్పదు.

ఆ పాట ఆ తరవాత ఎక్కువ కాలం బతకలేదు. ఇందులో పెద్ద పాత్ర ఫ్రాన్సిస్కన్లది. 1223 నాటి వాళ్ల నియమావళి రోమ్ చర్చి పద్ధతిలో ప్రార్థనలు జరపాలంది. వాళ్లు తీసుకున్నది పోప్ ఆస్థానంలో వాడుకలో ఉన్న కుదించిన రూపం, దానితో పాడింది గ్రెగరీ బాణీలు. 1240లలో వాళ్ల అధిపతి హేమో ఆ పుస్తకాలను సవరించి ఒక క్రమంలో పెట్టాడు. ఊరూరా తిరిగే సన్యాసుల చేతుల్లో, చదరపు గుర్తుల స్వరలిపిలో, అవి యూరప్ అంతా పాకాయి. మూడవ నికొలస్ పోప్ (1277–80) రోమ్ చర్చిల్లోని పాత పాటల పుస్తకాలను తీసేయించి వాటి స్థానంలో ఫ్రాన్సిస్కన్ పుస్తకాలు పెట్టించాడని సుమారు నూరేళ్ల తరవాత రాడుల్ఫ్ దె రివో రాశాడు. అంటే రోమ్ నుంచి ఉత్తరానికి వెళ్లి రూపం మార్చుకున్న పాట తిరిగొచ్చి, పుట్టింట్లో ఉన్న పాటను వెళ్లగొట్టింది. అయిదు పుస్తకాలు మిగలడమే విశేషం.

రోమ్ కన్నా దయనీయమైన కథ, నా మటుకు నాకు ఇంకా ఆసక్తి కలిగించే కథ, దక్షిణాన బెనెవెంతోది. అక్కడ లోంబార్డ్ ప్రభువులు పాలించారు. 774లో షార్లమేన్ ఉత్తరాది లోంబార్డ్ రాజ్యాన్ని జయించాక కూడా బెనెవెంతో నిలిచింది. దాని పాలకుడు రెండవ అరెకిస్ సాంతా సోఫియా చర్చి కట్టించి, పునీతుల అస్థికలు తెప్పించి, తన ఊరిని చిన్న రాజధానిగా తీర్చుకున్నాడు. ఆ ఊరి పాట వేరు. అక్కడివాళ్లు దాన్ని పునీత అంబ్రోస్ గానం అని పిలుచుకున్నారు. మిలాన్ బిషప్ పేరు పెట్టుకోవడం లోంబార్డుల బంధుత్వాన్ని చాటుకోవడం కావచ్చు, రోమ్ పాట కాదని చెప్పుకోవడం కూడా కావచ్చు. 1058లో తొమ్మిదవ స్టీఫెన్ పోప్ మోంతెకసీనో మఠానికి వచ్చి ఇక మీదట ఆ పాట పాడకూడదని నిషేధించాడు. ఆయన ఆ మఠానికే అధిపతిగా ఉండినవాడు.

నిషేధం తరవాత ఏం మిగలాలి? ఏమీ మిగలకూడదు. మిగిలిన తీరే ఇక్కడ చూడవలసింది. బెనెవెంతో కేథడ్రల్ గ్రంథాలయంలో 38, 40 నంబర్ల పుస్తకాలున్నాయి. పదకొండో శతాబ్దపువి. రెండూ గ్రెగరీ గానం పుస్తకాలే. కానీ ఈస్టర్ వంటి పెద్ద పండుగలు వచ్చినప్పుడు లేఖకుడు ఆ రోజు పాడవలసిన గ్రెగరీ పాటలన్నీ రాసి, వాటి వెనకే ఊరి పాత పాటలను కూడా రాశాడు. రెండో పూజ అన్నట్టు, అదనం అన్నట్టు. ఇక వేరే ఆధారాలంటే గీకేసిన చర్మపత్రాల్లో కింద మసకగా కనబడే పాత రాత, వేరే పుస్తకాలకు అట్టగా కుట్టిన ఆకులు, మధ్యలో దూర్చిన ఒకటి రెండు పాటలు. ఇలాంటి ముక్కలన్నీ ఏరి, పోల్చి, ఒక సంప్రదాయం మొత్తాన్ని నిలబెట్టిన ఘనత అమెరికన్ పండితుడు థామస్ ఫారెస్ట్ కెల్లీది. 1989లో వచ్చిన ఆయన పుస్తకం ఈ రంగంలో ఇప్పటికీ మొదట చదవవలసినది.

అందులోంచి తేలిన పాట ఎలా ఉంటుంది? గ్రెగరీ గానాన్ని ఎనిమిది స్వరస్థాయీ పద్ధతులుగా విభజించే శాస్త్రం దీనికి అసలు వర్తించదు. పాటలు రెండే ముగింపు స్వరాల మీద ఆగుతాయి. ఒకే అలంకారాలు పాట నుంచి పాటకు తిరుగుతుంటాయి. పవిత్ర వారంలో గ్రీకులోనూ లాటిన్‌లోనూ జంటగా పాడే పాటలున్నాయి. దక్షిణ ఇటలీలో బైజాంటియం ఎంత దగ్గరో వాటిని చూస్తే తెలుస్తుంది. మామూలు ఆదివారాలకు ఏం పాడారో చాలావరకు పోయింది. మిగిలినవి పెద్ద పండుగలవి, ఊరి పునీతులవి. లేఖకుడు దేన్ని వదులుకోలేకపోయాడో దాన్నే రాశాడనిపిస్తుంది.

బెనెవెంతో ప్రాంతం ఇచ్చిన మరో అపురూపం ఎక్సుల్తెత్ చుట్టలు. ఈస్టర్ ముందు రాత్రి పెద్ద మైనపు వత్తిని వెలిగించేటప్పుడు డీకన్ ఎత్తైన వేదిక మీద నిలబడి పాడే స్తుతి పేరు ఎక్సుల్తెత్. పుస్తకంలా కాక, పొడుగాటి చర్మపత్రాలను కుట్టి చుట్టలా చేశారు. పాడుతూ పాడుతూ డీకన్ దాన్ని వేదిక ముందుకు జారవిడుస్తాడు. చాలా చుట్టల్లో రాతకు బొమ్మలు తలకిందులుగా ఉంటాయి. పాడేవాడికి తిరగబడిన బొమ్మ కింద నిలబడ్డ జనానికి నేరుగా కనిపిస్తుంది. బారి కేథడ్రల్‌లోని పదకొండో శతాబ్దపు చుట్టలో తేనెటీగల బొమ్మ చూడవలసినది. వత్తికి మైనం ఇచ్చిన తేనెటీగలను ఆ పాట పొగుడుతుంది మరి. కొత్త పద్ధతి వచ్చాక ఈ చుట్టలనూ వదలలేదు. వాటికన్‌లోని లాటిన్ 9820 చుట్టలో బెనెవెంతో పాత పాఠాన్ని గీకేసి రోమ్ ఆమోదించిన పాఠాన్ని రాశారు. బొమ్మలు ఖరీదైనవి కాబట్టి ఉంచుకున్నారు. పాట మార్చేశారు.

మిలాన్ దగ్గర ఈ విషాదం లేదు. అక్కడి పాటకు పునీత అంబ్రోస్ పేరు ఊరికే రాలేదు. 386లో ఆరియన్ వర్గపు రాణి జస్టీనా తరఫువాళ్లు చర్చిని అప్పగించమని పట్టుబట్టినప్పుడు, బిషప్‌తో పాటు లోపల కూర్చున్న జనం నీరసపడకుండా తూర్పు దేశాల రీతిలో స్తోత్రాలు, కీర్తనలు పాడటం మొదలైందని అగస్టీన్ తన ఆత్మకథలో చెప్పాడు. షార్లమేన్ మిలాన్ పుస్తకాలన్నీ తగలబెట్టించబోతే, సాన్ పియెత్రో బలిపీఠం మీద పెట్టిన రెండు పద్ధతుల పుస్తకాలూ వాటంతట అవే తెరుచుకున్నాయని పదకొండో శతాబ్దపు మిలాన్ చరిత్రకారుడు లాండుల్ఫ్ ఒక కథ చెప్పాడు. కథ సంగతి అలా ఉంచితే, మిలాన్ ఆర్చిబిషప్పుల పలుకుబడే ఆ పాటను కాపాడింది. పాట బలంగా ఉంది కాబట్టి రాతకు తొందర లేకపోయింది. స్వరాలతో ఉన్న ముఖ్యమైన పుస్తకాలు పన్నెండో శతాబ్దం నుంచే దొరుకుతాయి. వాటిలో ప్రసిద్ధమైనది చలికాలపు సగభాగం ఉన్న ప్రతి. ఇప్పుడు అది లండన్‌లో ఉంది. 1890లలో సొలేమ్ సన్యాసులు దాన్ని అచ్చువేశారు. మిలాన్ పద్ధతిలో పూజ ఇవాళ్టికీ జరుగుతోంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో హైదరాబాదుకు వచ్చి ఇక్కడి కతోలిక మేత్రాసనాన్ని నిలబెట్టిన మిషనరీలు మిలాన్‌లోని సంస్థ నుంచి వచ్చినవాళ్లే. కానీ ఇక్కడికి తెచ్చింది రోమన్ పద్ధతిని. కాబట్టి మన చర్చిల్లో 1960ల దాకా వినిపించిన లాటిన్ పాటకు మూలం మిలాన్‌లో వెతకకూడదు.

ఇంతసేపూ స్వరాల గుర్తులు అంటున్నాను కదా, అవి తొలినాళ్లలో ఏ స్వరమో చెప్పేవి కావు. పాట పైకి పోతోందా, కిందికి వస్తోందా, ఎక్కడ ఆగాలి, ఎక్కడ గొంతు వణకాలి అని చెప్పేవి. పాట ముందే వచ్చినవాడికి గుర్తు చేసేవే తప్ప రానివాడికి నేర్పేవి కావు. ఈ స్థితిని మార్చినవాడు గ్విదో. పో నది ముఖద్వారం దగ్గర పొంపోసా మఠంలో ఉండేవాడు. తోటి సన్యాసుల అసూయ పడలేక అరెట్సో వెళ్లాడు. అక్కడి బిషప్ తెయొదాల్దో ఆదరించాడు. 1026 ప్రాంతంలో మిక్రోలోగుస్ అనే శాస్త్రగ్రంథం రాశాడు. గీతలు గీసి, వాటి మీదా మధ్యలోనూ గుర్తులు పెట్టాలన్నాడు. ఏ గీత ఏ స్వరానిదో తెలియడానికి ఒకదానికి ఎరుపు, మరొకదానికి పసుపు రంగు వేయమన్నాడు. స్నాపక యోహాను మీద ఉన్న ఒక స్తోత్రంలో ఒక్కో పాదఖండం ఒక్కో మెట్టు పైనుంచి మొదలవుతుంది. ఆ తొలి అక్షరాలనే ఉత్, రే, మీ, ఫా, సోల్, లా అని స్వరాలకు పేర్లుగా పెట్టుకుని పిల్లలకు నేర్పాడు. చేతివేళ్ల మీద స్వరాలు చూపించే ప్రసిద్ధమైన చిత్రం మాత్రం ఆయన రాతల్లో ఎక్కడా లేదు. తరవాతివాళ్లు ఆయన పేరున కట్టారు.

గ్విదో నోటి దురుసు ఆయన పుస్తకాల్లో దాచినా దాగదు. తన కాలంలో గాయకులంత అవివేకులు మరొకరు లేరని, పదేళ్లు నేర్చుకుని కూడా ఒక్క పాట సొంతంగా పాడలేరని విసుక్కున్నాడు. తన పద్ధతిలో ఏడాదిలో, మహా అయితే రెండేళ్లలో గాయకుడు తయారవుతాడన్నాడు. పందొమ్మిదవ జాన్ పోప్ ఆయన్ని రోమ్‌కు పిలిపించి, పుస్తకం చూసి, అంతకు ముందెన్నడూ వినని ఒక చరణాన్ని అక్కడికక్కడే తప్పులేకుండా పాడాడని గ్విదో తన మిత్రుడికి రాసిన ఉత్తరంలో గర్వంగా చెప్పుకున్నాడు. రోమ్ ఎండలు పడక అక్కణ్నుంచి వెళ్లిపోయానని కూడా రాశాడు.

గీతల పద్ధతి లాభాలు అందరూ రాస్తారు. నష్టం తక్కువమంది రాస్తారు. అంతకు ముందరి గుర్తుల్లో ఉన్న సూక్ష్మాలు, ఏ స్వరాన్ని సాగదీయాలి, ఏది తేలిగ్గా ముట్టుకుని పోవాలి అన్నవి, గీతల మీదకు రాగానే క్రమంగా మాయమయ్యాయి. స్వరాలు అచ్చువేసిన కీర్తనల పుస్తకం చూసి పాడబోయినవాళ్లకు అందులో గమకం లేని లోటు ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. బొలోన్యా ప్రాంతంలో పదకొండో శతాబ్దం మొదట్లో రాసిన, ఇప్పుడు రోమ్ ఆంజెలికా గ్రంథాలయంలో 123వ నంబరుగా ఉన్న పుస్తకంలో గీతలు లేవు. అందువల్ల దాన్ని చూసి బాణీ పట్టుకోలేం. కానీ పాటలోని ఊపు గురించి అది చెప్పేది పదమూడో శతాబ్దపు చక్కటి చదరపు గుర్తుల పుస్తకం చెప్పదు.

ఇటలీ అంటే లాటిన్ ఒక్కటే కాదని కూడా గుర్తుంచుకోవాలి. రోమ్‌కు కూతవేటులో 1004లో పునీత నీలుస్ స్థాపించిన గ్రొత్తాఫెర్రాతా మఠం గ్రీకు మఠం. అక్కడ 1289లో బైజాంటైన్ స్వరలిపితో రాసిన పాటల పుస్తకం ఇప్పుడు ఫ్లోరెన్స్ లౌరెన్సియానా గ్రంథాలయంలో ఉంది. ఇక సిసిలీని గెలిచిన నార్మన్లు తమ ఫ్రెంచి పాటను వెంట తెచ్చుకున్నారు. అక్కడి పన్నెండో శతాబ్దపు పుస్తకాలు ఇప్పుడు మాడ్రిడ్‌లో ఉన్నాయి.

మఠాలు, కేథడ్రళ్లు దాటి వీధిలోకి వస్తే లౌదాలు. 1260లో పెరూజాలో మొదలైన ఒక ఉద్యమంలో జనం తమను తాము కొరడాలతో కొట్టుకుంటూ, పాపక్షమాపణ కోరుతూ ఊరేగారు. ఆ వేడిలోనూ, దానికి ముందు నుంచీ ఉన్న భక్తసంఘాల్లోనూ, లాటిన్ కాక జనం మాట్లాడే ఇటాలియన్‌లో స్తుతిగీతాలు పెరిగాయి. నేత పనివాళ్లు, దుకాణదార్లు సాయంత్రాల్లో మరియమాత చిత్రం ముందు చేరి పాడుకున్నవి ఇవి. మాటలతో మాత్రమే ఉన్న లౌదా పుస్తకాలు చాలా ఉన్నాయి. బాణీలతో సహా పూర్తిగా దక్కినవి రెండే. మొదటిది కొర్తోనా ఊరి గ్రంథాలయంలోని 91వ నంబరు, పదమూడో శతాబ్దం రెండో సగానిది. అందులో 46 పాటలకు స్వరాలున్నాయి. ఊళ్లోని సాన్ ఫ్రాన్చెస్కో చర్చిలో చేరే సంఘానిది. 1876లో జిరోలమో మాంచీని దీన్ని వెలికి తీశాడు. రెండోది ఫ్లోరెన్స్ జాతీయ గ్రంథాలయంలోని బాంకో రారి 18, పద్నాలుగో శతాబ్దం మొదటిది, సాంతో స్పిరితో సంఘం చేయించుకున్నది. మొదటిది వాడుకోవడానికి రాసింది, రెండోది బంగారు పూతలతో చూపించుకోవడానికి రాసింది. ఆపద వేళ రాత అన్న నా మాట ఈ రెండోదానికి వర్తించదు. అక్కడ రాయించింది డబ్బు.

లౌదాల పరిశోధనలో ఒక పెద్ద గొడవ లయ గురించి. స్వరలిపి స్వరాల ఎత్తు చెబుతుంది కానీ ఏ స్వరం ఎంతసేపో చెప్పదు. 1935లో ఫెర్నాందో లియుత్సీ రెండు సంపుటాల్లో ఈ బాణీలను అచ్చువేసి, అన్నిటినీ నాలుగేసి దెబ్బల తాళంలో బిగించాడు. ఇటాలియన్ జాతి సంగీతానికి తొలి మూలం దొరికిందన్న ఉత్సాహం ఆ కాలపు రాజకీయాలకూ నచ్చేదే. ఆ తాళం రాతప్రతిలో లేదు. అయినా దశాబ్దాల పాటు రికార్డులు, కచేరీలు ఆ తాళంలోనే సాగాయి. ఒక సంపాదకుడి ఊహ ఎంతకాలం మూలంగా చెలామణి కాగలదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. తరవాతివాళ్లలో బ్లేక్ విల్సన్ 1992 పుస్తకం దారి మార్చింది. ఆయన బాణీల కన్నా ఫ్లోరెన్స్ సంఘాల లెక్కల పుస్తకాలు చదివాడు. భక్తులు తామే పాడుకునే సంఘాలు పద్నాలుగో శతాబ్దంలో జీతమిచ్చి గాయకులను పెట్టుకోవడం అందులో కనిపిస్తుంది. బాంకో రారి 18లోని కొన్ని బాణీలు మామూలు గొంతుకు అందనంత అలంకరణతో ఎందుకున్నాయో అప్పుడు అర్థమవుతుంది.

పలు గొంతుల సంగీతం గురించి క్లుప్తంగా చెబుతాను. పద్నాలుగో శతాబ్దపు ఇటలీ అనగానే అందరూ చూపించేది ఫ్లోరెన్స్‌లోని స్క్వార్చలూపి పుస్తకం. బంగారపు పుటలు, స్వరకర్తల చిత్తరువులు. కానీ అందులో ఉన్నవన్నీ ప్రేమ, వేట, ఋతువుల పాటలు. దైవగానానికి అలాంటి పుస్తకం దక్కలేదు. పాదువాలోని సాంతా జుస్తీనా మఠంలో రొలాందో ద కసాలె అనే సన్యాసి పలు గొంతుల దైవగానాన్ని శ్రద్ధగా నకలు చేశాడు. తరవాతి శతాబ్దాల వాళ్లు ఆ పుస్తకాలను విడగొట్టి వేరే పుస్తకాలకు అట్టలుగా వాడుకున్నారు. ఇప్పుడు మన దగ్గర ఉన్నది ఆ అట్టల నుంచి ఊడదీసిన ఆకులే. దీనికన్నా సాదా రూపం చర్చిల్లో విరివిగా నడిచింది. ఒక గొంతు మామూలు పాట పాడుతుంటే మరో గొంతు స్వరానికి స్వరం జోడిస్తూ తోడు వెళ్లడం. చీవిదాలె, పాదువా కేథడ్రల్ పుస్తకాల్లో ఇది ఉంది. మొరటు సంగీతమని చిన్నచూపు చూసేవారు. 1980లో చీవిదాలెలో జరిగిన సదస్సు తరవాత ఆ చూపు మారింది. చీవిదాలెలోనే పద్నాలుగో శతాబ్దపు మరియమాత విలాపం ఒకటుంది. శిలువ కింద పాత్రలు పాడే ఆ నాటకంలో పాట మీద అభినయ సూచనలు కూడా రాశారు. ఇక్కడ గుండె బాదుకోవాలి, ఇక్కడ చేయి చాపి క్రీస్తును చూపాలి అని. స్వరం, సాహిత్యం, అభినయం మూడూ ఒకే పుటలో ఉన్న ఆధారం ఆ కాలం నుంచి మరొకటి వెతికినా దొరకడం కష్టం.

ఇవన్నీ వినాలంటే? 1980లలో ఫ్రాన్స్‌కు చెందిన మార్సెల్ పెరెస్, గ్రీకు గాయకుడు లికూర్గోస్ అంగెలోపులోస్‌ను వెంట పెట్టుకుని రోమ్ పాత బాణీలను రికార్డు చేశాడు. కింద ఒకే స్వరం శ్రుతిగా మోగుతుంటే పైన బైజాంటైన్ ధోరణి గమకాలతో గొంతు తిరుగుతుంది. విన్నవాళ్లు ముగ్ధులయ్యారు, పండితులు మండిపడ్డారు. ఆ శ్రుతి, ఆ గమకాలు రాతప్రతిలో లేవు. ఇది నిజం. ఏడో శతాబ్దంలోనూ ఎనిమిదో శతాబ్దం మొదటి సగంలోనూ పోపుల్లో చాలామంది గ్రీకు, సిరియా మూలాల వాళ్లు. ఇదీ నిజం. పెరెస్ ఊహ అసంభవం కాదు. లియుత్సీ తాళం కన్నా దానికి ఆధారం ఎక్కువ. కానీ దాన్ని ఊహగానే వినాలి. సొలేమ్ సన్యాసుల మృదువైన గానం కూడా పందొమ్మిదో శతాబ్దపు ఊహే అన్న సంగతి మరిచిపోకుండా వినాలి.

చివరగా ఈ రాతప్రతులకు పట్టిన ఆధునిక గతి. యుద్ధాలు, వరదలు సరే. మోంతెకసీనో గ్రంథాలు 1944 ఫిబ్రవరి బాంబు దాడికి కొన్ని నెలల ముందే రోమ్‌కు తరలించినందువల్ల బతికాయి. 1966 నవంబరు వరదలో ఫ్లోరెన్స్ చర్చి పాటల పుస్తకాలు బురదలో మునిగాయి. అంతకన్నా ఎక్కువ నష్టం చేసింది కత్తెర. 1798లో ఫ్రెంచి సైన్యం రోమ్‌లో ఉండగా సిస్టీన్ చాపెల్ పుస్తకాలు దోపిడీకి గురయ్యాయి. వాటి బొమ్మలను కత్తిరించి, అతికించి, లూయిజీ చెలొత్తి అనే వ్యాపారి 1825లో లండన్‌లో క్రిస్టీస్ వేలంలో అమ్మించాడు. సంగీతం ఉన్న భాగానికి ధర లేదు కాబట్టి అది పోయింది. ఫ్లోరెన్స్‌లో 1340 ప్రాంతంలో పచీనో ది బొనాగ్వీదా చేతి చిత్రాలతో తయారైన సాంత్ అన్యేసె సంఘపు లౌదా పుస్తకం కూడా ఇలాగే ఆకులుగా విడిపోయి అమెరికా, యూరప్ మ్యూజియంల పాలయింది. 2012లో లాస్ ఏంజెలెస్ గెట్టీ మ్యూజియం వాటిలో చాలా ఆకులను ఒకచోట చేర్చి చూపించింది. ఆకు వెనక వైపున సాగే పాటను బట్టి ఏ ఆకు తరవాత ఏ ఆకు రావాలో పండితులు తేల్చుకోవలసి వచ్చింది.

ఇలాంటి విడి ఆకులు ఇప్పటికీ వేలాల్లో అమ్ముడుపోతున్నాయి. వెబ్‌సైట్లలో బొమ్మ ఉన్న ముఖాన్ని మాత్రమే పెట్టే మ్యూజియంలూ ఇంకా ఉన్నాయి. రెండు ముఖాలనూ ఫోటో తీసి పెట్టడానికి అయ్యే ఖర్చు తక్కువ, పరిశోధనకు కలిగే మేలు ఎక్కువ. మీరు ఏ దేశంలోనైనా ఒక మ్యూజియంలో బంగారు అక్షరంతో, చదరపు స్వరాలతో ఉన్న ఆకును ఫ్రేములో చూస్తే, వెనక ఏముందని అక్కడివాళ్లను అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే ఆ రెండో ముఖం కూడా అందరి కంటా పడుతుంది.